పేరు ఎవరు రాస్తారు?

(శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాల వార్షికోత్సవంలో విశ్రాంత గణిత ఉపాధ్యాయుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

ప్రధానోపాధ్యాయులు గారికి, పాఠశాల యాజమాన్య కమిటీ పెద్దలకు, నా తోటి మాస్టార్లకు, టీచరమ్మలకు, ఒక పూట పని మానుకుని వచ్చిన అమ్మలకు, అయ్యలకు నమస్కారం. ముందు వరసలో నేల మీద కూర్చున్న పిల్లలూ, ఈ రోజు పెళ్ళివారు మీరు. మేమంతా పేరంటానికి వచ్చిన వాళ్ళం. చెట్టు కింద కూర్చున్న తాతలకు వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

ఇందాక మీ ప్రధానోపాధ్యాయులు గారు ఏడాది నివేదిక చదివారు. ఎనిమిదో తరగతి పిల్లల స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్‌ఎంఎంఎస్‌లో ఇద్దరు పిల్లలు నెగ్గారు. అండర్-14 ఖోఖోలో మన ఆడపిల్లలు మండలం దాటి జిల్లా పోటీల దాకా వెళ్ళారు. పిల్లల సైన్సు ఆలోచనల పోటీ ఇన్‌స్పైర్ మానక్‌కు ఒక ఆలోచన ఎంపికైంది. గోడపత్రిక వచ్చింది. చప్పట్లు కొట్టారు, బాగుంది. ఆ నివేదికలో చదవని కొన్ని సంగతులు నాకు తెలుసు. రిటైరయ్యాక వారానికి రెండు రోజులు ఈ బడికి వచ్చి లెక్కలు చెబుతున్నాను కదా, వాటిని నేను చెబుతాను.

యూపీ స్కూలు, అదే ప్రాథమికోన్నత పాఠశాల, ఇంట్లో నడిపి పిల్ల లాంటిది. చిన్నదాన్ని అందరూ ఎత్తుకుంటారు, పెద్దదాని పెళ్ళి గురించి అందరూ మాట్లాడుకుంటారు. నడిపిదాని సంగతి ఎవరికీ గుర్తుండదు. ఒకటో తరగతిలో పిల్లని చేర్పిస్తే పలకా బలపం, అక్షరాభ్యాసం, ఫొటోలు. పదో తరగతి ఫలితాలు వస్తే పేపర్లో పేజీలకు పేజీలు. ఏడో తరగతిలో ఏం జరిగిందో ఏ పేపరూ వెయ్యదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం మాత్రం ఈ మూడు తరగతుల్ని విడిగా చూసింది. ఆరు నుంచి ఎనిమిది వరకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలంది. ఆ తరగతుల్లో పిల్లలు వంద దాటితే బొమ్మలకు, వ్యాయామానికి, చేతిపనికి వేరే బోధకులుండాలని కూడా చెప్పింది. మన బళ్ళు చాలావాటిలో ఆ వంద ఎప్పుడూ దాటదు. అందుకని లెక్కల మాస్టారే విజిల్ మెడలో వేసుకుంటాడు, తెలుగు టీచరమ్మే డాన్సు నేర్పిస్తుంది. నేనూ అలాగే ముప్ఫై ఏళ్ళు విజిల్ ఊదాను.

ఈ మూడేళ్ళు ఎందుకంత ముఖ్యమో నా సబ్జెక్టులోంచే చెబుతాను. అయిదో తరగతి పిల్లవాడు లెక్క తప్పు చేస్తాడు, దిద్దుకుంటాడు, మళ్ళీ తప్పు చేస్తాడు. కానీ ‘నాకు లెక్కలు రావు’ అని ఒక్క అయిదో తరగతి పిల్ల నోటంట నేను వినలేదు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి సగం మంది అదే మాట అంటారు. మధ్యలో భిన్నాలొచ్చాయి, రుణసంఖ్యలొచ్చాయి, ఎక్స్ వచ్చింది. ఆ లెక్కలతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. ఎవరు ముందు చెయ్యెత్తుతారో, మాస్టారు ఎవర్ని లేపుతాడో పిల్లలు చూస్తూ ఉంటారు. నన్ను లేపడం లేదు కాబట్టి నాకు రాదు కాబోలు అనుకుంటారు. పదకొండేళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళ లోపల పిల్లలు తమ గురించి తామే ఒక తీర్మానానికి వచ్చేస్తారు. దాన్ని తర్వాత హైస్కూలు మాస్టారు మార్చాలన్నా కష్టమే.

మన ఖోఖో పిల్లల దగ్గరికి వస్తాను. లేచి నిలబడండమ్మా, మీ వాళ్ళు చూస్తారు. ఖోఖోకి ఏం కావాలి? రెండు స్తంభాలు, గీతలు గియ్యడానికి కాస్త సున్నం. బంతి లేదు, బ్యాటు లేదు, బూట్లు లేకపోయినా ఆడతారు. ఎనిమిది మంది గళ్ళలో కూర్చుంటారు, ఒకళ్ళు అటు తిరిగి, పక్కవాళ్ళు ఇటు తిరిగి. తొమ్మిదో మనిషి తరుముతుంది. ఒకసారి ఒక దిక్కుకు అడుగేశాక వెనక్కి తిరగడానికి లేదు, మధ్య గీత దాటడానికి లేదు. అవతలి పిల్ల గీత దాటి అటుపక్కకు పోతే ఏం చెయ్యాలి? కూర్చున్న పిల్ల వెనక్కి వెళ్ళి వీపు తట్టి ‘ఖో’ అని అరవాలి. అప్పుడు ఆ పిల్ల లేస్తుంది, తట్టిన పిల్ల ఆ గడిలో కూర్చుంటుంది. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్పు జరిగితే మన దేశం మగవాళ్ళలోనూ, ఆడవాళ్ళలోనూ గెలిచింది. రెండు ఫైనళ్ళూ నేపాల్ మీదే. మగవాళ్ళ జట్టులో మన ఆంధ్రప్రదేశ్ ఆటగాడు పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు.

జిల్లా పోటీల్లో మనవాళ్ళు రెండో మ్యాచ్‌లో ఓడిపోయారు. ఓడినా నాకేమీ బాధ లేదు. నేను చూసిందేమిటంటే, ఈ జట్టులో ఒక పిల్ల నిరుడు జూన్‌లో ఆరో తరగతికి వచ్చినప్పుడు హాజరు పలికినా గొంతు వినబడేది కాదు. రెండుసార్లు పిలిస్తే ఒకసారి తలూపేది. ఆ పిల్ల గొంతు మొన్న జిల్లా మైదానం అవతలి గట్టు దాకా వినబడింది. ‘ఖో’ అన్నది నోట్లో గొణుక్కుంటే చెల్లదు మరి. టీచరమ్మ ఆ పిల్లని జట్టులోకి తీసుకున్నప్పుడు నేనే అడిగాను, ‘అంత మెత్తటి పిల్ల ఎందుకమ్మా?’ అని. ‘పరిగెడుతుంది మాస్టారూ, రోజూ బడికి పరిగెత్తుకునే వస్తుంది’ అంది ఆవిడ. రోజూ ఆ పిల్ల గేటు దగ్గర నా పక్క నుంచే పోయేది, ఆ పరుగు నేను చూడలేదు. ఆవిడ చూసింది, జాబితాలో పేరు రాసింది.

ఈ పేరు రాయడం గురించే నేను మాట్లాడదలుచుకున్నాను.

మన జిల్లావాళ్ళకు కరణం మల్లీశ్వరి గురించి చెప్పనక్కర్లేదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన జిల్లా పిల్ల. ఆవిడ ఇనుము ఎత్తడం మొదలెట్టింది పన్నెండేళ్ళ వయసులో. అంటే ఇదిగో, మన ఏడో తరగతి వరసలో కూర్చునే వయసు. అప్పుడు నీలంశెట్టి అప్పన్న గారనే గురువు ఉన్నారు. విశాఖపట్నంలో జ్యోతి యర్రాజీ ఉంది. వంద మీటర్ల హర్డిల్స్‌ని 13 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ. పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళింది. ఆ పిల్ల చదివిన పోర్టు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పొడుగు చూసి, ‘నువ్వు హర్డిల్స్‌కు పనికొస్తావు’ అన్నాడు. అంతకు ముందు కూడా ఆ పిల్ల అంతే పొడుగు. చూసేవాళ్ళు అందరూ చూశారు, పొడుగు పిల్ల అనుకున్నారు. ఒక్క మనిషి ఆ పొడుగులో హర్డిల్స్ చూశాడు.

ఇప్పుడు ఎన్‌ఎంఎంఎస్ సంగతి. ఇది కాస్త ఎక్కువసేపు చెబుతాను, అమ్మలూ అయ్యలూ శ్రద్ధగా వినండి. దీనివల్ల లాభం ఏమిటో, ఎక్కడ పోతుందో రెండూ చెబుతాను.

ఎనిమిదో తరగతి అయ్యాక పేదింటి పిల్లలు బడి మానేస్తున్నారని కేంద్ర ప్రభుత్వం 2008లో ఈ స్కాలర్‌షిప్ పెట్టింది. దేశం మొత్తానికి ఏడాదికి లక్ష మంది. మన ఆంధ్రప్రదేశ్ వాటా 4,087. ఏడాదికి 12,000 రూపాయలు, అంటే నెలకు వెయ్యి. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్ళు. మొత్తం 48,000. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకు 50 చాలు. ప్రైవేటు బడి పిల్లలు రాయడానికి లేదు, ఇది మన బళ్ళకే. పరీక్షలో రెండు భాగాలు. ఒకటి మేధాశక్తి పరీక్ష, 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. రెండోది పాఠాల మీద, దానికీ 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. తెలుగులో రాయొచ్చు.

మేధాశక్తి ప్రశ్నలంటే భయపడాల్సిన పని లేదు. ఒక వరసలో అంకెలిస్తారు, తర్వాత వచ్చేది ఏదంటారు. ఒక బొమ్మను అద్దంలో చూస్తే ఎలా ఉంటుందంటారు. గడియారం ముళ్ళ మధ్య కోణం అడుగుతారు. చుట్టరికాల లెక్కలుంటాయి, ‘ఆయన భార్య అన్నగారి కూతురు ఈమెకు ఏమవుతుంది’ అని. మన పిల్లలకు వరసలు తెలిసినంత బాగా పట్నం పిల్లలకు తెలియవు. ఈ ఇద్దరు పిల్లలు ఆ భాగంలో చాలా బాగా రాశారు. సాయంత్రం నాలుగు గంటలకు బడి విడిచాక అయిదున్నర దాకా ఆగి, పాత ప్రశ్నపత్రాలు ఒక్కొక్కటీ నలిగిపోయేదాకా చేశారు. మొత్తం పన్నెండు మంది మొదలెట్టారు. డిసెంబరు వచ్చేసరికి ఏడుగురు మిగిలారు, ఏడుగురూ పరీక్ష రాశారు, ఇద్దరు నెగ్గారు. మిగతా అయిదుగురికి నేనొక మాట చెప్పాలి. జూన్‌లో మీకు నిష్పత్తి లెక్క ఇస్తే నా మొహం చూసేవారు. ఇప్పుడు ఇస్తే కాగితం చూస్తున్నారు. ఆ తేడా నాకు తెలుసు. ఏ సర్టిఫికెట్టు మీదా ఉండదు కాబట్టి నా నోటితో, మీ అమ్మానాన్నల ముందు చెబుతున్నాను.

ఇక పోయేది ఎక్కడో చెబుతాను. నేను ఇంకో బడిలో పనిచేసినప్పుడు ఒక పిల్ల ఈ పరీక్ష నెగ్గింది. తండ్రి గుజరాత్‌లో, వేరావల్‌లో బోటు మీద పని. తల్లి జీడి పనికి పోయేది. ఆ పిల్లని ఆరో తరగతిలో చేర్చుకున్నప్పుడు అడ్మిషన్ రిజిస్టరులో పేరు రాసింది నేను. ఇంటిపేరు పూర్తిగా రాయకుండా పొడి అక్షరం వేశాను. అందరికీ అలాగే రాసేవాణ్ణి, తొందరగా అయిపోతుందని. ఆధార్‌లో ఆ పిల్ల ఇంటిపేరు పూర్తిగా ఉంది, పైగా అసలు పేరు రెండు ముక్కలుగా విడగొట్టి ఉంది. స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించే వేళకు రెండూ కలవలేదు. సరిచేయించడానికి ఆధార్ కేంద్రం చుట్టూ తిరిగాం. బ్యాంకు పుస్తకంలో మూడో రకంగా ఉంది. గడువు తేదీ దాటిపోయింది.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి సంక్రాంతి దాకా వెళ్ళింది. తర్వాత తల్లితో పాటు పనికి పోవడం మొదలెట్టింది. ఆ వెయ్యి రూపాయలు నెలనెలా వచ్చి ఉంటే చదువు ఆగేది కాదని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఇంట్లో ఇంకేం కష్టాలున్నాయో. కానీ ఆ డబ్బు రాకపోవడానికి కారణం మాత్రం నా చేతిరాత. ఆ పిల్ల కష్టపడి తెచ్చుకున్నది నా చేతిలో పోయింది. ఇది నేను ఎక్కడికి వెళ్ళినా చెబుతాను, ఎందుకంటే ఇంకో మాస్టారి చేతిలో ఇంకో పిల్లది పోకూడదు.

అందుకని అమ్మా, మీకు దండం పెట్టి చెబుతున్నాను. మన లక్ష్ములున్నారు, అప్పలనాయుళ్ళున్నారు. లక్ష్మి అన్న పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలియదు, సచివాలయంలో కూర్చునే పిల్లలకు తెలుసు. అప్పలనాయుడు అని కలిపి రాస్తే ఒక మనిషి, విడదీసి రాస్తే కంప్యూటరుకు ఇంకో మనిషి. ఈ వేసవి సెలవుల్లోనే పిల్లల ఆధార్, బ్యాంకు పుస్తకం, బడి రిజిస్టరు, మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. చదువు రాని తల్లి అయితే పిల్లనే చూడమనండి, వాళ్ళకు అక్షరం అక్షరం పోల్చడం వచ్చు. తేడా ఉంటే ఆరో తరగతిలోనే దిద్దించండి. ఎనిమిదో తరగతి డిసెంబరు దాకా ఆగకండి. ఈ బడిలో ఆరో తరగతి పిల్లలందరివీ ఒక ఆదివారం కూర్చుని నేనూ, టీచరమ్మా సరిచూశాం. ఎన్ని తేడాలొచ్చాయో చెబితే మీరు కంగారు పడతారు, అందుకని చెప్పను. సగం పైనే సరయ్యాయి, మిగతావి కూడా అవుతాయి.

నెగ్గిన ఇద్దరికీ ఒక మాట. ప్రతి ఏడూ రెన్యువల్ చేయించుకోవాలి నాన్నా. పదో తరగతిలో 60 శాతం తెచ్చుకోవాలి. హైస్కూలుకు పోయాక అక్కడి మాస్టారికి మీరే గుర్తు చెయ్యండి, మొహమాటపడకండి.

ఇన్‌స్పైర్ మానక్ గురించి రెండు ముక్కలు. ఆరో తరగతి నుంచి పై తరగతుల పిల్లల ఆలోచనలు బడి తరఫున పంపిస్తాం. ఎంపికైతే నమూనా చెయ్యడానికి పదివేలు నేరుగా ఆ పిల్ల ఖాతాలో పడతాయి. ఎంపికైన ఆలోచన గురించి హెడ్‌మాస్టారు చెప్పారు. ఎంపిక కాని ఒకటి నేను చెబుతాను.

జీడిపిక్క పెంకులో ఉండే నూనె చేతికి తగిలితే బొబ్బలొస్తాయని మీలో సగం మందికి నేను చెప్పాలా? మీ చేతులే చెబుతాయి. పలాస జీడిపప్పు దేశమంతా తింటుంది, ఆ నల్ల మచ్చలు మాత్రం మన ఆడవాళ్ళ చేతుల మీద ఉంటాయి. నూనో బూడిదో రాసుకుని పని చేస్తారు. ఏడో తరగతి పిల్ల ఒకర్తె వాళ్ళమ్మ చేతులు గీసి తెచ్చింది, రెండు చేతులూ, పెన్సిలుతో. మచ్చలున్న చోటల్లా నల్లగా రుద్దింది. చూస్తే ఏమిటి? కుడిచేతిలో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. మిగతా రెండు వేళ్ళూ దాదాపు తెల్లగానే ఉన్నాయి. ‘గ్లవుజులు ఇస్తే అమ్మ ఒగ్గేస్తోంది మాస్టారూ, పిక్క పట్టు దొరకదంట’ అంది. మొత్తం చేతికి తొడుగు ఎందుకు, మూడు వేళ్ళకు టోపీలు చాలు కదా అని దాని ఆలోచన. పాత సైకిలు ట్యూబు ముక్క కోసి, కొనకు దారం కట్టి, మూడు టోపీలు చేసి తెచ్చింది. వాళ్ళమ్మ వాటితో ఒక పూట పని చేసిందట. చెమటకు జారిపోతున్నాయని చెప్పిందట. ఇప్పుడు లోపల గుడ్డ అతికించి చూస్తోంది.

ఇది ఎంపిక కాలేదు. ఎందుకు కాలేదో నాకు తెలియదు, పోటీలో లక్షల ఆలోచనలుంటాయి. కానీ తల్లి చేతుల్ని అంత శ్రద్ధగా చూసిన పిల్ల బుద్ధిని నేను పెద్ద విజయం కిందే లెక్కేస్తాను. ఏ వేలికి ఎంత దెబ్బ తగులుతోందో గీసి చూపించడమంటే సైన్సే. ఆ పిల్ల ఎవరో చెప్పను, సిగ్గుపడుతుంది. ఇప్పటికే తల దించుకుంది.

పోయినేళ్ళ సంగతి ఒకటి గుర్తొస్తోంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన మీద పడింది. ఆ రాత్రి ఎవరూ మరిచిపోరు. తెల్లారేసరికి కొబ్బరి లేదు, జీడి లేదు, పనస లేదు. బడి తెరిచాక పిల్లలు వచ్చి కూర్చున్నారు గాని పుస్తకం తీసేవాళ్ళు లేరు. అప్పుడు లెక్కల పీరియడ్‌లో నేను పాఠం చెప్పలేదు. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ అని ఒకటి 1993 నుంచి జరుగుతోంది. పదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ పిల్లలు తమ ఊరి సమస్యనే తీసుకుని పరిశోధన చెయ్యాలి. ఆ పద్ధతిలోనే పిల్లల్ని జట్లు చేసి వీధి వీధికీ పంపించాను. ఇంటికి ఎన్ని చెట్లు, ఎన్ని పడ్డాయి, ఎన్ని నిలబడ్డాయి, పడ్డవాటి వయసెంత, ఏ దిక్కుకు పడ్డాయి. పలకల మీద, నోట్‌బుక్కుల వెనక అట్టల మీద రాసుకొచ్చారు. శాతాలు అప్పటిదాకా వాళ్ళకు పుస్తకంలో లెక్క. ఆ వారం వాళ్ళ ఊరే శాతాల్లోకి వచ్చింది.

ఒక పిల్ల తన ఇంటి వరస నింపింది. పడ్డవి 14. నిలబడ్డవి 0. శాతం గడి ఖాళీగా వదిలేసింది. లెక్క రాక వదల్లేదు. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి తనే నూరు అని రాసింది. ఆ పట్టికను గ్రామస్థులు చూశారు, నష్టం రాయడానికి వచ్చినవాళ్ళకు చూపించారు. పిల్లలు రాసిన లెక్క ఊరికి పనికొచ్చిన రోజు అది. ఆ తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. ఆరేడేళ్ళు పడుతుంది కదా నాటు రకానికి. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, శ్రీకాకుళంలో.

ఆగస్టు 29న ఈ బడిలో చేసే పండుగ నాకు చాలా ఇష్టం. ఆ రోజు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. అదే రోజు గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. పొద్దున పరుగు పందేలు, మధ్యాహ్నం గోడపత్రిక. గిడుగు వారు మన పర్వతాలపేటలో 1863లో పుట్టారు. మనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడిన ఆ మహానుభావుడు ఉద్యోగం మొదలుపెట్టింది ఎక్కడో తెలుసా? 1880లో, పర్లాకిమిడి రాజావారి మిడిల్ స్కూల్లో. మిడిల్ స్కూలు మాస్టారే. ఆయన కొండల్లో సవర గిరిజనుల దగ్గరికి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు. చుట్టుపక్కల వాళ్ళకు అది భాషగానే వినబడని రోజుల్లో ఆయన చెవికి వినబడింది.

ఈసారి గోడపత్రికకు పిల్లలు వాళ్ళ నాన్నమ్మల దగ్గర మాటలు ఏరుకొచ్చారు. బెగిన అంటే తొందరగా, ఒగ్గేయ్ అంటే వదిలెయ్, ఏటి అంటే ఏమిటి, గుంట అంటే పిల్ల, అప్ప అంటే అక్క. ఒక్కో మాట కింద ఆ నాన్నమ్మ దాన్ని వాడిన వాక్యం ఉన్నది ఉన్నట్టు రాశారు. ‘బెగినొచ్చీ గుంటా, అంబలి సల్లారిపోతంది’ అని ఒకటి ఉంది. ఆ నాన్నమ్మ ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటుంది. అమ్మా, మీ మాట ఆ గోడ మీద ఉంది, వెళ్ళేటప్పుడు చూసి వెళ్ళండి. బళ్ళో ఈ మాటలు అంటే తప్పు అని నా చిన్నప్పుడు మాకు బెత్తం దెబ్బలు పడ్డాయి. ఈ పిల్లలకు వాటికి ప్రైజు వస్తోంది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయంటే అతిశయం కాదు.

సెప్టెంబరు 5 స్వయంపాలన దినం నాడు జరిగింది చెప్పి ముగింపులోకి వస్తాను. ఆ రోజు పిల్లలే మాస్టార్లు. చీరలు కట్టుకుని, కళ్ళజోళ్ళు పెట్టుకుని వస్తారు, ఇల్లంతా వెతికి వాళ్ళ నాన్న చొక్కా తెచ్చుకుంటారు. ఎప్పుడూ బాగా చదివేవాళ్ళే పాఠం చెప్పడం రివాజు. ఈసారి మన లెక్కల మాస్టారు చివరి బెంచీ కుర్రాడికి ఆరో తరగతి భిన్నాలు ఇచ్చారు. వాడి తండ్రి కొబ్బరికాయలు దింపే పని చేస్తాడు. వాడు సుద్దముక్క పట్టుకోలేదు. ఒక గోనెసంచి తెచ్చి కాయలు కింద పోశాడు. పుంజీ పుంజీగా పెట్టించాడు. పుంజీ అంటే నాలుగు, ఇప్పటి పిల్లలకు తెలియక అడిగారు. ‘పుంజీలో ఒకటి తీస్తే ఏం మిగిలింది? మూడు. పుంజీలో ఎంత? నాలుగింట మూడు వంతులు. అయిదు పుంజీల్లో ఒక్కోదాంట్లోంచి ఒకటి తీస్తే?’ అని అడుగుతూ పోయాడు. ఆరో తరగతి వాళ్ళు కాయల చుట్టూ ఎగబడ్డారు. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. అంత బాగా నేను ముప్ఫై ఏళ్ళలో చెప్పలేదు. ఆ కుర్రాడికి నిరుడు లెక్కల్లో వచ్చిన మార్కులు నాకు తెలుసు. మర్నాటి నుంచి వాడు రెండో బెంచీలో కూర్చుంటున్నాడు, ఎవరూ చెప్పకుండానే.

ఆ రోజు వాడి పేరు ఆ కాగితం మీద మాస్టారు రాయకపోతే ఆ పుంజీలు వాడి మనసులోనే ఉండిపోయేవి.

అయ్యా, మార్చి నుంచి మే దాకా జీడి ఏరుబడి రోజులు. చంటిపిల్లల్ని చూసుకోవడానికి ఆడపిల్లల్ని ఇంటి దగ్గర ఉంచేస్తారు. నాకు తెలుసు, సరదాకు ఉంచరు, గతిలేక ఉంచుతారు. అయినా అడుగుతున్నాను. వంతులు వేసుకోండి. ఒక వీధిలో ఒక ముసలమ్మ దగ్గర చంటివాళ్ళందర్నీ ఉంచి, పిల్లల్ని బడికి పంపండి. రెండు వీధుల్లో అలా చేస్తున్నారు, మిగతా వీధుల్లో ఎందుకు చెయ్యలేమో మహిళా సంఘం వాళ్ళు ఈ వారంలో కూర్చుని మాట్లాడండి, నేనూ వస్తాను. ఆటల పోటీలకు ఆడపిల్లని పంపమంటే ‘ఏటి మాస్టారూ, ఆడపిల్లని ఊరు దాటించమంటారా’ అన్నారు కిందటిసారి ముగ్గురు తండ్రులు. టీచరమ్మ తోడు వెళ్ళింది, క్షేమంగా తీసుకొచ్చింది. వచ్చే ఏడాది ఆ ముగ్గురి పిల్లల పేర్లు కూడా జాబితాలో ఉండాలని కోరుకుంటున్నాను. నేను మళ్ళీ మీ ఇళ్ళకు వస్తాను, టీ ఇవ్వక్కర్లేదు.

హెడ్‌మాస్టారు గారూ, మీ అనుమతితో ఒక పని చేస్తాను. ఇంకాసేపట్లో ప్రైజులిస్తారు. ప్రైజు వచ్చినవాళ్ళ పేర్లు మైకులో పిలుస్తారు, వాళ్ళ అమ్మానాన్నలు వింటారు. మిగతా పిల్లల పేర్లు వాళ్ళ తల్లిదండ్రులు మైకులో ఎప్పుడు విన్నారు? ప్రైజులకు ముందు నేను ఈ మూడు తరగతుల హాజరు పట్టీ మొత్తం చదువుతాను. పది నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టండి. పేరు పిలవగానే లేచి, ఈ ఏడాది నువ్వు నేర్చుకున్నది ఒక్కటి చెప్పు. ఈదడం నేర్చుకున్నానన్నా సరే, తమ్ముడికి అక్షరాలు నేర్పానన్నా సరే. ఇంటిపేరుతో పూర్తిగా చదువుతాను. ఎక్కడైనా తప్పు చదివితే అక్కడే ఆపి దిద్దండి.

టీచరమ్మా, రిజిస్టరు ఇలా ఇవ్వండి. ఆరో తరగతి. ఒకటో నంబరు.